గంగి మొదటి ముద్ద

మా అమ్మ గంగి నాలుక గురించి రాస్తున్నానంటే నవ్వేవాళ్లు ఉంటారు. కూలి చేసే మనిషికి కడుపు ఉంటే చాలదా, నాలుకెందుకు అనుకుంటారు. అలా అనుకునేవాళ్ల మీద ఒళ్లు మండే రాస్తున్నాను.

మాది మరిపెడ దగ్గర తండా. అమ్మను మా భాషలో యాడి అంటాం. యాడి ముప్పయ్యేళ్లుగా వంగి నాట్లేస్తోంది. పదిమంది ఆడవాళ్ల ముఠాకు ఆమే పెద్ద. ఆసామి ఇంటి నుంచి గట్టు మీదికి అన్నం వస్తే మొదటి ముద్ద ఆమెది. ఆమె మింగాకే మిగతావాళ్లు కంచంలో చెయ్యి పెడతారు. ఒక ఏడాది ఎండకు చెడిన కూర తిని ముఠా అంతా మంచం పట్టింది. ఈ పద్ధతి అప్పుడు మొదలైంది.

పనిలేని రోజు చప్పగా తినే మనిషి, నాట్ల రోజుల్లో తొక్కులో ఉప్పు ఎక్కువేసి నూరుకుంటుంది. ఎందుకని అడిగితే, "చెమట పోయిన ఒళ్లు ఉప్పడుగుతది బిడ్డా. గప్పుడు నాలుక మస్తు హుషారుగుంటది" అంటుంది.

మొన్నటి వానాకాలం మధుకర్ పటేల్ పొలంలో నాట్లు పడ్డాయి. డిగ్రీ సెలవులు కావడంతో నేనూ మడిలో దిగాను. మధుకర్‌కు మరిపెడలో ఎరువుల దుకాణం ఉంది, ఒంట్లో షుగర్ ఉంది. రోజంతా కుర్చీలో కూర్చుని, ఏం తిన్నా నోటికి రుచిస్తలేదని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుంటాడు. ఆ రోజు నారుకట్టలు మోసే ఇద్దరూ రాలేదు. పీకిన నారు ఎండిపోతుందని ఆయనే ప్యాంటు మడిచి, మధ్యాహ్నం దాకా కట్టలు మోశాడు.

ఆయన భార్య ఊర్మిళ ఆటోలో అన్నం తెచ్చింది. మాకు గంపలో అన్నం, బకెట్‌లో పప్పు. ఆయనకు వేరే టిఫిన్ క్యారియర్.

యాడి ముద్ద నోట్లో పెట్టుకుంది. పక్కకు ఉమ్మేసి కాలువలో చెయ్యి కడుక్కుంది. పది కంచాలూ అట్లాగే ఆగిపోయాయి.

"ఏమైంది గంగీ?" అంది ఊర్మిళ.

"పప్పు నిన్నటిది పటేలమ్మా. చింతపండు పోసి కప్పినవ్. చింతపండు పులుపు వేరే ఉంటది, చెడిన పులుపు వేరే ఉంటది."

"పొద్దుగాల్నుంచి వంగినోళ్లకు ఏం పెట్టినా కమ్మగనే ఉంటది గద. మీకు గిన్ని వంకలేంది? ఊరంత చెప్త. గీ ముఠాను ఇగ ఎవలు పిలుస్తరో చూస్త."

అది చిన్న బెదిరింపు కాదు. నాట్లుండేది ఇరవై రోజులే. ఊర్లో నాలుగిళ్లు మమ్మల్ని పిలవకపోతే పది కుటుంబాలకు ఆ ఏడు గడవదు. బకెట్ ఎత్తి కాలువలో పారబోయాలనిపించింది నాకు. యాడి మాత్రం గొంతు పెంచలేదు. ఒక కంచంలో అన్నం పెట్టి, అదే పప్పు పోసి, గట్టు మీద రొప్పుతూ కూర్చున్న మధుకర్ ముందుంచింది.

"పటేలా, నువ్వు గూడ పొద్దుగాల్నుంచి మోసినవ్. జర తిను."

ఆయన ఎంత ఆకలి మీదున్నాడంటే అది ఎవరి కంచమో కూడా చూడలేదు. పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, అంతే వేగంగా ఉమ్మేశాడు.

"గిదేంది ఊర్మిళా, పాడైంది గద."

ఊర్మిళ తల దించుకుంది.

యాడి తన మూట విప్పింది. అందులో నాలుగు జొన్నరొట్టెలు, పచ్చిమిరప తొక్కు ఉన్నాయి. పన్నెండు ముక్కలు చేసి, ఒకటి మధుకర్ చేతిలో పెట్టింది. ఆయన నమిలి నమిలి, "గింత రుచిగ తిని ఎన్నేండ్లయిందో" అన్నాడు. ఆ మెప్పు వింటే నాకు ఇంకా మండింది. ఒక్కపూట మోస్తే ఆయనకు నాలుక తిరిగొచ్చింది. ముప్పయ్యేళ్లు వంగిన యాడికి నాలుకే లేదని ఆయన ఇంట్లో అనుకుంటున్నారు.

ఆయన సిగ్గుపడి తన క్యారియర్ మా వైపు జరిపాడు. "అది నీ ఒక్కనికి వండింది" అని యాడి ముట్టలేదు. నారు ఎండిపోకూడదని ఆ రొట్టెముక్కలతోనే సాయంత్రం దాకా నాటేశాం.

మర్నాడు ఊర్మిళ పొగలు కక్కే అన్నం, అప్పుడే దించిన పప్పు తెచ్చింది. అందరికీ వడ్డించింది. యాడి తన కంచం తీసుకెళ్లి ఆమె చేతికిచ్చింది.

"ఇయ్యాల్టి నుంచి మొదటి ముద్ద నీది పటేలమ్మా."

"నాకు ఆకలైతలేదు గంగీ."

"మడిల దిగి ఒక కట్ట నాటు," అంది యాడి. "అయితది."

ఊర్మిళ మడి వంక చూసింది, మా కంచాల వంక చూసింది. ఆమె ముద్ద మింగేదాకా మాలో ఒక్కరం కూడా చెయ్యి పెట్టలేదు.