డబ్బాలోని ఆరు కాగితాలు

తొమ్మిదేళ్లుగా ఎవరైనా నన్ను మెచ్చుకుంటే తల దించుకోవాలనిపిస్తుంది. దించుకోను. నవ్వుతాను. ఆ నవ్వును మోసీ మోసీ అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఆబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్సులో కళ్లజోళ్ల దుకాణం ఉంది. అద్దాలు కోసి, అరగదీసి, ఫ్రేముల్లో బిగించే పని నాది. ఎప్పుడో ఒకసారి సొంతంగా నిలబడాలనిపించి చాదర్‌ఘాట్‌లో మడిగె కిరాయికి తీసుకుని దుకాణం పెట్టాను. రెండేళ్లు కూడా నడవలేదు. షట్టర్ దించిన రోజున నా మీద మూడు లక్షల నలభై వేల అప్పు మిగిలింది. పాత సేటు కనికరించి మళ్లీ పనిలో పెట్టుకున్నాడు.

ఆ అప్పు తీర్చాను. ఇది చెప్పేటప్పుడు నా గొంతు పెరుగుతుంది, పెరగనివ్వండి. ఎవరి ముందూ చేయి చాపలేదు. బండి అమ్మేశాను. నాంపల్లిలో మా గది నుంచి ఆబిడ్స్ దాకా రోజూ నడిచాను, ఎండైనా వానైనా. రోజుకు నాలుగు చాయ్‌లు తాగేవాణ్ణి, ఒకటికి తెచ్చాను. ఆదివారం కిలో మటన్ పావు కిలో అయింది, తర్వాత గుడ్లయింది. సాయంత్రం పని ముగిశాక పక్క దుకాణాల విరిగిన ఫ్రేములు తెచ్చుకుని అతికించేవాణ్ణి. ఏటా చలికాలం మా దగ్గర్లో నుమాయిష్ ఎగ్జిబిషన్ జరిగే రోజుల్లో నా భార్య సుజాత మా ఇంటి ముందు ఖాళీ జాగాలో వచ్చేవాళ్ల బండ్లు పెట్టించుకుని ఒక్కో బండికి ఇంతని తీసుకునేది. చలిలో స్వెటర్ మీద శాలువా కప్పుకుని కుర్చీ వేసుకుని కూర్చునేది. ఏ రోజు మిగిలింది ఆ రోజే ఒక పాలపొడి డబ్బాలో వేసేవాళ్లం. నెలకొకసారి విప్పి, ఎక్కువ వడ్డీ ఉన్న అప్పుకు ముందు కట్టేవాళ్లం. ఐదేళ్లు పట్టింది. చివరి అప్పు కాగితం చించేసిన రోజు మేమిద్దరం పబ్లిక్ గార్డెన్‌కు పోయి పచ్చిక మీద ఊరికే కూర్చున్నాం. ఆ సాయంత్రం అంత తేలికగా నేనెప్పుడూ లేను.

అప్పటి నుంచి కాంప్లెక్సులో నా పేరు మారిపోయింది. జీతం నిలవనివాళ్లు నన్ను అడగడానికి వచ్చేవాళ్లు. ముందు ఏం మానాలి, ఏ అప్పు ముందు తీర్చాలి అని. చెప్పేవాణ్ణి. నా మాట విని ఇద్దరు ముగ్గురు నిజంగానే బయటపడ్డారు. ఇదంతా నిజం. ఇందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. మరి నన్ను పట్టి కుదిపేది ఏమిటి?

అప్పు తీరుస్తున్న రెండో ఏడు. కాంప్లెక్సులో పనిచేసే పన్నెండు మందిమి కలిసి చిట్టీ వేసుకున్నాం. నెలకు మనిషికి పదిహేను వందలు. అందరి పైసలూ కలిపితే పద్దెనిమిది వేలు. ప్రతి నెలా ఇంకా రానివాళ్ల పేర్లు కాగితం ముక్కల మీద రాసి టిఫిన్ డబ్బాలో వేసేవాళ్లం. ఎవరి పేరు వస్తే ఆ నెల మొత్తం వాళ్లది. పైసలు పోగుచేసేదీ నేనే, పేర్లు రాసేదీ నేనే. ఎందుకంటే నన్ను నమ్మారు.

ఏడో నెలకు ఆరుగురం మిగిలాం. అందులో మణెమ్మ ఒకతె. కాంప్లెక్సులోని దుకాణాలన్నీ ఊడ్చి తుడిచే మనిషి. నాకంటే రెండు మూడేళ్లు చిన్నది, నన్ను అన్నా అని పిలిచేది. ఆమె భర్తకు కాలు విరిగితే ఆపరేషన్‌కు పుస్తెలతాడు కుదువ పెట్టింది. వడ్డీ పెరిగిపోయింది. ఆ నెలాఖరుకు విడిపించకపోతే వస్తువు దక్కదని తాకట్టు దుకాణమాయన చెప్పేశాడట. ఈ సంగతి అందరికీ తెలుసు. ఈ నెల మణెమ్మకొస్తే బాగుండునని అందరూ అనుకున్నారు. నేనూ పైకి అదే అన్నాను.

నాకు ఆ నెల ఆ పైసలు అవసరమా? ఎన్నోసార్లు ఈ ప్రశ్న వేసుకున్నాను. ఇంట్లో రోగం లేదు. ఎవరూ తలుపు కొట్టడం లేదు. నూటికి ఐదు వడ్డీ ఉన్న అప్పు ఒకటి సరిగ్గా పద్దెనిమిది వేలకు వచ్చి ఆగింది. దసరాలోగా దాన్ని ముగిస్తానని సుజాతతో గొప్పగా చెప్పాను. నా పేరు వచ్చేదాకా కొన్ని నెలలు ఆగితే ఏమయ్యేది? ఆ నెలల వడ్డీ పోయేది, నా మాట పోయేది. అంతే. అంత చిన్నదాని కోసం అంత పని చేస్తాడా మనిషి? చేశాను.

ఆరు కాగితాల మీదా నా పేరే రాశాను.

ఆరూ తాపీగా రాశాను. అది కూడా చెప్పాలి. మడతలు ఒక్క తీరుగా పెట్టాను. మా కాంప్లెక్సు మెట్ల కింద చాయ్ అమ్మే బాషా భాయ్ కూడా చిట్టీలో ఉన్నాడు. ఆయన అన్నాడు, ఈసారి మణెమ్మతోనే తీయిద్దాం, ఆమె చేత్తో ఆమె పేరే రానీ అని. నేను డబ్బా పట్టుకున్నాను. ఆమె కొంగుకు చేయి తుడుచుకుని, కళ్లు మూసుకుని, ఒక కాగితం తీసింది. ఆమెకు చదువు రాదు. బాషా భాయ్ విప్పి నా పేరు చదివాడు.

మణెమ్మ తన అరచేతిని కాసేపు చూసుకుంది.

“నా చెయ్యే మంచిది గాదన్నా,” అంది. “నువ్వేం ఫికర్ చెయ్యకు. నీకు గూడ అప్పులున్నయి గద.”

“ఏం జేస్తం మణెమ్మా, నసీబు,” అన్నాను.

ఆ మాట అన్నాను నేను. దానికంటే డబ్బాలో చేసిన పనే చిన్నదేమో అనిపిస్తుంది ఒక్కోసారి. మిగిలిన ఐదు కాగితాలు జేబులో వేసుకుని లోపలికి పోయాను. అద్దాలు అరగదీసే యంత్రం కింద నీళ్ల తొట్టి ఉంటుంది, అద్దాల పొడి అందులో పేరుకుంటుంది. ఆ బురదలో వేసి నలిపేశాను. సాయంత్రం అప్పు ముగించి, మిఠాయి కొనుక్కుని ఇంటికి పోయాను. సుజాత చాలా సంతోషపడింది.

మణెమ్మ పుస్తెలతాడు పోయింది. పసుపుతాడు కట్టుకుంది.

చిట్టీ మళ్లీ మొదలైనప్పుడు, తీయకుండానే మొదటి నెల మణెమ్మకు ఇద్దామని నేనే అన్నాను. అందరూ ఒప్పుకున్నారు, ఎంత మంచివాడు అన్నారు. ఆ పూటకు లెక్క సరిపోయిందనుకున్నాను. అప్పుడు ఆమె దగ్గర కూర్చుని, రోజుకు పది ఇరవై ఎట్లా పక్కకు పెట్టాలో చెప్పాను. పట్టుదల గల మనిషి. బస్సు మానింది, వక్కపొడి మానింది, రోజువారీ వసూలు చేసే ఫైనాన్స్ వాడి బాకీ రెండేళ్లలో వదిలించుకుంది. అన్న దయవల్లనే అని అందరితో చెప్పేది. నేను నవ్వేవాణ్ణి. ఆమెను చూసి గర్వపడేవాణ్ణి కూడా. నేను తోసిన గుంతలోంచి ఆమె ఎక్కి వస్తుంటే, పైన నిలబడి శభాష్ అన్నవాణ్ణి నేను.

అది అక్కడే పూడిపోయేదేమో. పోయిన నెల చిట్టీ తీసే రోజు జిరాక్స్ దుకాణంలో కొత్తగా చేరిన అమ్మాయి, నువ్వు తియ్యి మణెమ్మక్కా అని డబ్బా ముందుకు జరిపింది. మణెమ్మ రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుంది.

“నా చెయ్యి మంచిది గాదు బిడ్డా. నా బిడ్డకు కొడుకు పుడితే గూడ మొదలు నేను ఎత్తుకోలే. దూరంకెల్లి చూసిన.”

తొమ్మిదేళ్లుగా ఆమె ఏ చిట్టీ తీయలేదన్నది నేను చూస్తూనే ఉన్నాను. మొహమాటం అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలని అనుకున్నానా? తాడు పోయింది, దానికి ఖరీదు ఉంది. మనవణ్ణి మొదట ఎత్తుకోకపోవడానికి ఖరీదు ఏది? ఏ డబ్బాలో ఎన్నేళ్లు వేస్తే ఆ పూట తిరిగొస్తుంది?

మర్నాడు సేటు రాకముందు, ఆమె మా దుకాణం తుడుస్తుండగా చెప్పేశాను. ఎట్లా మొదలుపెట్టానో గుర్తులేదు. ఆమె తుడుపు కర్ర మీద రెండు చేతులూ పెట్టి విన్నది. అంతా విన్నాక ఒక్కటే అడిగింది.

“అయితే డబ్బాల నా పేరు లేనే లేదా?”

లేదన్నాను. తాడు ఖరీదు ఇప్పటి రేటున ఇస్తానన్నాను. ఆమె తుడుపు కర్రను బకెట్‌లో ముంచింది. అందరి ముందూ ఒప్పుకుంటానన్నాను. అప్పుడు నా మొహంలోకి చూసింది.

“ఎవ్వలికి చెప్పకున్రి సార్. అందరు బెదిరి చిట్టీ బంద్ వెడ్తరు. ఇంక నలుగురికి రావాలె. మీరు పేర్లు రాసుడు ఒక్కటి ఇడిసిపెట్టున్రి.”

బకెట్ ఎత్తుకుని పక్క దుకాణంలోకి పోయింది. రోజూ తుడిచినట్టే తుడిచింది. ఆ రోజు నుంచి నేను ఆమెకు సార్‌ను. నువ్వు పోయి మీరు వచ్చింది. కళ్లు సరిగ్గా ఆనడం లేదని అబద్ధం చెప్పి పేర్లు రాసే పని బాషా భాయ్‌కి అప్పగించాను. కళ్లద్దాలు చేసేవాడికే కళ్లు పోయాయా అని ఆయన నవ్వాడు. తాడు కోసమని నెలనెలా కొంత పక్కన పెడుతున్నాను. ఆమె తీసుకుంటుందో లేదో తెలియదు. తీసుకున్నా నన్ను క్షమించినట్టు కాదు. అదీ తెలుసు.

ఆమె అడిగింది కాబట్టి కాంప్లెక్సులో నోరు విప్పను. కానీ నేను చేసింది ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, అందుకే ఇక్కడ రాస్తున్నాను. అప్పు తీర్చానన్న గర్వం నాకు ఇప్పటికీ ఉంది. ఆ నడక నాది, చలిలో సుజాత కూర్చున్న కూర్చోవడం మాది. దాన్ని తక్కువ చేసి చెప్పను. ఇన్నేళ్లూ ఆ కథ ఎవరు అడిగినా, ఒక్క నెల మింగేసి చెప్పేవాణ్ణి.

ఇవాళ మింగలేదు.