షబ్నం నాలుగు కాళ్ళూ గాల్లో

రెండో శనివారం పొద్దున ఆరింటికి కోయిలకుంట్ల బస్టాండులో కర్నూలు బస్సెక్కాను. నిజానికి నేను పోవలసింది కడపకు. కడప ఒక దిక్కు, కర్నూలు ఇంకో దిక్కు. కానీ కెమెరా కర్నూలులో ఉంది, గుర్రం కడపలో ఉంది. రెంటినీ ఒకచోట చేర్చే పూచీ నా నెత్తిన పడింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం కాబట్టి ఆ చుట్టుదారి నాకు బరువనిపించలేదు.

పూచీ పెట్టినవాడు ఖాసిం. చిన్నప్పుడు మా పక్కింట్లో పెరిగాడు, ఇప్పుడు కడపలో పెళ్ళి ఊరేగింపులకు గుర్రం తెస్తుంటాడు. ఆ తెల్లటి ఆడగుర్రం పేరు షబ్నం. దాని ఫోటోలు కొల్లలు, కానీ అన్నీ నిలబడినవే. "అది బొమ్మగుర్రం, దానికి పరుగు యాడొస్తాది" అని తోటి గుర్రాలవాళ్ళు ఏడిపిస్తున్నారట. పంతం పట్టి, కడప పక్క పల్లెలో ఆదివారం జరిగే తిరునాళ్ళ పందెంలో దాన్ని దింపుతున్నాడు.

"మేరక్కా, గెలిచేది ఓడేది అల్లా చేతిలో ఉండాది. నాలుగు కాళ్ళూ గాల్లో ఉండే ఫోటో ఒగటి నీ చేతిలో ఉండాది. అది తీసియ్యి సాలు" అన్నాడు ఫోనులో.

నేను మూడో తరగతి టీచరును. బడి పండుగలకు ఫోనుతో ఫోటోలు తీస్తానని వాడికి తెలుసు. ఆ ఫోనుతోనే మా వీధికుక్క పరుగు తీసి చూశాను. కుక్క ఒక ఫోటోలో, తోక ఇంకో ఫోటోలో వచ్చాయి. అందుకే కెమెరా.

తొమ్మిదిన్నరకు కర్నూలులో దిగి, ఉగ్గాని బజ్జీ తిని, పాత కెమెరాలు అమ్మే ఒక శెట్టిగారి అంగడికి వెళ్ళాను.

"ఏం ఫోటోలు తీస్తావమ్మా?"

"గుర్రం. పరిగెత్తేది."

ఆయన నా చీర, సంచీ, కళ్ళద్దాలు వరసగా చూశాడు. పాపం, నవ్వలేదు.

"కొత్తగా నేర్చేటోళ్ళకు కొత్త కెమెరా ఎందుకమ్మా, ఒగరు వాడిందే సాలు. మీట నొక్కి పట్టుకుంటే టకటకా వరసగా ఫోటోలు పడల్ల. కదిలేదాని ఎంటబడి ఫోకస్ పోవల్ల. ఈ రెండే సూసుకో."

ఏదో తిప్పి, సెకనులో వెయ్యో వంతుకు పెట్టానని చెప్పి, కెమెరాను నా చేతికిచ్చి తల మీద గిర్రున తిరిగే ఫ్యానును చూపించాడు. నొక్కాను. తెరమీద ఫ్యాను రెక్కలు ఆగిపోయి ఉన్నాయి, అంచుల మీది దుమ్ముతో సహా.

లెన్సులు రెండున్నాయి. పొట్టిది కెమెరాతో పాటే వస్తుంది. పొడుగుదానికి ఇంకో ఎనిమిది వేలు. "గుర్రానికి పొడుగుదే మేలమ్మా, దూరం నుంచి తియ్యచ్చు" అన్నాడు శెట్టిగారు. "దూరమెందుకన్నా, నేను దగ్గరికే పోతా కదా" అన్నాను. ఏ పిల్లకైనా పక్కన కూర్చుని చెప్తేనే లెక్క వస్తుందని నమ్మే మనిషిని. ఇరవై రెండు వేలిచ్చి పొట్టి లెన్సుతో బయటపడ్డాను. ఇది చదివి కెమెరా కొనబోయేవారు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, నేను చేసినట్టు చేయకండి.

పన్నెండింటికి కడప బస్సు. ఆళ్ళగడ్డలో ఎక్కిన ఒక పెద్దామె నా ఒళ్ళోని కెమెరా చూసి, "పెండ్లికి పోతాండావా?" అంది.

"లేదమ్మా, గుర్రానికి ఫోటో తీయాలి."

"గుర్రానికి పెండ్లా!" అని ఆమె మైదుకూరు దాకా నవ్వుతూనే ఉంది.

అయిదింటికి కడప. ఖాసిం ఇంట్లోనే బస. వాడి భార్య నూర్జహాన్ రాగిసంకటి, కోడికూర పెట్టింది.

ఆదివారం నాలుగింటికి, కోత అయిపోయిన చేనులో పందెం. ఆరు గుర్రాలు. గెలుపుగీతకు ఇరవై అడుగుల ముందు, తాడు పక్కనే నిలబడ్డాను. జెండా ఊపారు. దుమ్ములోంచి అందరికంటే ముందు తెల్లగా వచ్చింది షబ్నం! దాని మీద ఖాసిం. కెమెరా కంటికి ఆనించాను.

షబ్నం నన్ను చూసింది. వేగం తగ్గించింది. ఆగింది. మెడ తిప్పి, ముందుకాలు ఒకటి అందంగా ఎత్తి, నిలబడింది. నేను మీట నొక్కేశాను. ఖాసిం దాని మెడ మీదికి జారాడు. అయిదు గుర్రాలూ పక్కనుంచి వెళ్ళిపోయాయి. అది మాత్రం కదలకుండా మూతి నా వైపు చాపింది.

"సెప్తిమి గదా, ఫోటోల గుర్రమని!" అని తాడు అవతల ఎవరో అరిచారు.

ఖాసిం దిగి నేల మీద కూలబడ్డాడు. "తప్పు నాదే అక్కా. ఎవురన్నా కెమెరా ఎత్తితే నిలబడల్లని బెల్లం పెట్టి పెట్టి నేనే నేర్పించినా. ఎనిమిదేండ్లుగా పెండ్లిండ్లలో అదే దాని పని."

నాకు ఏడుపొచ్చింది. ఆ పొడుగు లెన్సు ఉంటే ఎక్కడో దూరాన కనబడకుండా ఉండేదాన్ని.

సోమవారం పొద్దున్నే బడికి సెలవు చెప్పి, మళ్ళీ అదే చేనుకు పోయాం. షబ్నంకు కనబడకుండా నన్ను వేరుశనగ కట్టె వామిలో కూర్చోబెట్టారు. కెమెరాకు తువాలు చుట్టి, కంటికి ఆనించకుండా పొట్ట మీదే పెట్టుకున్నాను. డెక్కల చప్పుడు దగ్గరపడగానే నొక్కి పట్టుకున్నాను. నలభై ఫోటోలు పడితే ఒక్కటి కుదిరింది. నాలుగు కాళ్ళూ గాల్లో ఉన్నాయి, జూలు ఎగురుతోంది. ఖాసింకు మాత్రం తల లేదు.

"నా తల ఎవురికి గావల్లక్కా? పెండ్లి ఫోటోల్లో గూడా నేను యాడుంటాను?" అని వాడు కెమెరాను కళ్ళకద్దుకున్నాడు. ఏడిపించినవాళ్ళందరికీ ఫోటో పంపించాడు. నేను కారందోసె తినేలోపే, ఇది నిజంగా షబ్నమేనా అని ఇద్దరు వాడికి ఫోను చేశారు.

పదకొండింటికి ప్రొద్దుటూరు మీదుగా తిరుగు బస్సు. కిటికీ పక్కన కూర్చుని, సిగ్గుతో అప్పటిదాకా తెరవని పందెం ఫోటో తెరిచాను. చెవుల మీద ఎండ, వెనక మిగతా గుర్రాల దుమ్ము, నా వైపే చూసే రెండు కళ్ళు. ఇరవై అడుగుల్లో గెలుపు పెట్టుకుని నన్ను చూసి ఆగింది. నా కోసం ఇంతవరకూ ఎవరూ అలా ఆగలేదు. అది మూతి ఎందుకు చాపిందో అప్పుడు తట్టింది.

ఖాసింకు ఫోను చేశాను. "నిన్న ఆగినందుకు షబ్నంకు బెల్లం పెట్టావా?"

"లేదక్కా," అన్నాడు. "దాని పని అది సరిగ్గానే చేసినాది గదా."

ఫోను పెట్టేయకుండానే ఇంట్లోకి, అక్కణ్ణించి షబ్నం దగ్గరికి నడిచాడు. కొంచెంసేపటికి, బస్సు రొదలో కూడా, అది బెల్లం కొరికిన చప్పుడు వినిపించింది.