ఆవిరి: నూట డెబ్బై

ఆ రోజుల్లో మా తెనాలి ఇంట్లో కాఫీని తాగినవారే తప్ప చూసినవారు లేరు. స్టీలు గ్లాసులో పోసినది ఎంత, ఏ రంగు, ఎవరికి ఎక్కువ అనే ప్రశ్నలు గ్లాసు ఎత్తి నోట్లో పోసుకునేసరికే ముగిసిపోయేవి. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ఇంటి ప్రశాంతతలో సగం ఆ లోహపు గోడల చలవే అనిపిస్తుంది. వాటిని పడగొట్టినవాడిని నేనే. కొలిచి చూడనిదే దేన్నీ నమ్మని స్వభావం నాకు పుట్టుకతో వచ్చింది ("వీడికి అన్నం పెడితే మెతుకులు లెక్కపెడతాడు" అనేది మా అమ్మ). పైగా బాపట్లలో ఒక కళాశాల రసాయనశాలలో సహాయకుడిగా అప్పుడే చేరి, రోజూ రైల్లో వెళ్ళొస్తున్నాను. కొలజాడీ చేతికొచ్చిన ఇరవై రెండేళ్ళవాడిని ఇంట్లో పెట్టుకోవడం ఏ కుటుంబానికీ క్షేమం కాదు.

ఇంట్లో కాఫీ తాగేవాళ్ళం ఐదుగురం: నాన్నగారు, అమ్మ, బాబాయి, పిన్ని, నేను. ఒక వేసవిలో బాబాయికి తన గ్లాసులో కాఫీ రోజురోజుకూ తగ్గుతోందనే అనుమానం పట్టుకుంది.

"ఏంటి వదినా ఇది, కాఫీయా, తీర్థమా?"

"తీర్థమే అనుకుని కళ్ళకద్దుకో అయ్యా, పుణ్యమన్నా వస్తుంది."

"ఎందుకొచ్చిన గొడవ, రేపట్నుంచి స్టేషన్ దగ్గర హోటల్లో తాగొస్తా."

అప్పటివరకూ నవ్వుతున్న అమ్మ ముఖం మారిపోయింది. "ఈ ఇంటి మనిషి కాఫీ కోసం హోటలు మెట్లెక్కిన రోజున నేను ఫిల్టరు ముట్టుకోను. ఎవరికీ ఉండదు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అమ్మ అన్నంత పనీ చేసి తీరుతుందని నాన్నగారి ముఖం చూస్తేనే తెలిసింది. ఒక వంటింటి పరువు, ఐదుగురి ఉదయాలు ఆ వాగ్వాదం మీద ఆధారపడి ఉన్నాయి. అమ్మ పంపకంలో పక్షపాతం లేదని అంకెలతో నిరూపించే బాధ్యత నన్నెవరూ అడగకుండానే నెత్తిన వేసుకున్నాను.

మర్నాడు సాయంత్రం బాపట్ల స్టేషనుకు వెళ్ళే దారిలో ఒక గాజుసామాన్ల దుకాణంలో ఆరు గ్లాసుల సెట్టు కొన్నాను. అంతకుముందు నేనెరిగిన గాజు వస్తువులన్నింటికీ పువ్వులు, బంగారు అంచు తప్పనిసరి. వీటికి అవేమీ లేవు. నిటారుగా నిలిచిన పలుచని గోడలు, బరువైన అడుగు, రెండు వేళ్ళు దూరే పిడి. "కొత్త డిజైనండి, ధర మాత్రం పాతదే" అన్నాడు దుకాణదారు. వేడికి ఆగుతాయా అని మూడుసార్లు అడిగాను. "మీ నాలిక ఆగితే ఇవీ ఆగుతాయండి, తీసుకెళ్ళండి" అన్నాడు. రైలు తెనాలి చేరేవరకూ ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, ప్రతి కుదుపుకూ ఆరింటినీ మనసులో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

"గాజుగ్లాసుల్లో పోసేది హోటలు వాళ్ళేగా" అని అమ్మ మొదట గొణిగింది గానీ, ఒక గ్లాసును వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసి, ఆరింటినీ జాగ్రత్తగా అలమారులో సర్దింది. ఆ చూపులో ఏముందో నేనప్పుడు పట్టించుకోలేదు.

మరునాడు ఉదయం నాలుగు గ్లాసులు పళ్ళెంలో వచ్చాయి. నాలుగింటిలోనూ కాఫీ ఒకే మట్టంలో ఉంది; గ్లాసుకు నూట ఇరవై ఐదు మిల్లీలీటర్లు. నేను విజయగర్వంతో బాబాయి వైపు చూశాను. ఆయన గ్లాసును కంటికెదురుగా పెట్టుకుని, "సమానమే. కాదన్లేదు. సమానంగా తక్కువ! పైగా ఈ రంగేంటి, సున్నం కలిపినట్టు? అరలీటరు పాలూ ఎటు పోతున్నాయిరా? ఆదివారం రేపల్లె నుంచి మీ అక్కతో మీ బావ వస్తాడు, సైన్సు మేష్టారు. ఆయన ముందు లెక్క చెప్పు. తేలిందా సరే, లేదా సోమవారం నేను హోటలుకే" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. తేదీ, వేళ, పరిమాణం అని మూడు గడులు గీసిన నోటుపుస్తకంలో (ఇప్పటికీ నా దగ్గరే ఉంది) లెక్క వేశాను. పాలు ఐదు వందలు. పొడి పీల్చుకున్నది పోగా డికాషన్ రెండు వందల ఇరవై. మొత్తం ఏడు వందల ఇరవై. నాలుగు గ్లాసులకూ కలిపి ఐదు వందలు. అందరికీ ఇచ్చాక "నాకీ అడుగున మిగిలింది చాల్లే" అంటూ అమ్మ తన పాత స్టీలు గ్లాసులో పోసుకునేది యాభై. రసాయనశాలలో పాలు కాచి చూస్తే ఆవిరయ్యేది ఇరవై. ఎన్నిసార్లు వేసినా నూట యాభై మిల్లీలీటర్లకు ఆచూకీ లేదు. శుక్రవారం రైల్లో రానూపోనూ అదే లెక్క. తెనాలిలో దిగవలసినవాడిని తలుపు దగ్గర నిలబడి కూడా కూడుతూనే ఉండగా వెనకున్న పెద్దావిడ "దిగుతావా అబ్బాయ్, నిలబడే ఉంటావా?" అని తోసేసింది. గిన్నెకు చిల్లు ఉందేమోనని నీళ్ళు పోసి చూశాను. పిల్లి మీద అనుమానపడ్డాను. (పిల్లి కాఫీ తాగదని పిన్ని చెప్పింది. ఆధారమేమిటని అడిగాను.)

శనివారం ఉదయం అలమారు తెరిచినప్పుడు ఒక సంగతి కంటపడింది. పళ్ళెంలో నాలుగు గ్లాసులు ఉన్నాయి. అలమారులో రెండు ఉండాలి, ఉన్నాయి. కానీ ఆ రెండింటిలో ఒకటి తడిగా ఉంది.

ఆదివారం ఐదింటికే లేచి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. కిటికీ కింద పీట వేసుకుని అమ్మ కూర్చుని ఉంది. చేతిలో ఆరో గ్లాసు; అందులో చిక్కటి, ఎర్రటి, మా ఎవరి గ్లాసులోనూ ఎన్నడూ కనపడని కాఫీ.

"లోపలికి రా. గుమ్మంలో నిలబడి లెక్కలు కట్టకు" అంది తల తిప్పకుండానే.

"అమ్మా! అది నూట యాభై!"

"ఎంతో నాకు తెలీదు. ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ మొదటి డికాషన్ నాదే. అంతకుముందు మీ నాయనమ్మది."

"మరి రోజూ మా ముందు తాగే ఆ అడుగు బొట్లు?"

"అవి మీ కోసంరా. నేనేమీ తాగకపోతే మీకు బాగోదుగా."

ఆమె గ్లాసును కిటికీ వైపు ఎత్తి, "ఇన్నేళ్ళు తాగాను గానీ ఎలా ఉంటుందో ఇప్పుడే చూశాన్రా. పాలు పోస్తుంటే కింద నల్లగా, పైన తెల్లగా, మధ్యలో ఎర్రగా దిగుతుంది. కలపబుద్ధి కాదు. మంచి గ్లాసులు తెచ్చావు" అంది. "ఇవాళ మీ బావ ముందు చదువుతావుగా. నువ్వు అబద్ధం రాయవులే, తెలుసు" అని చివరి గుక్క తాగేసింది. (ఒక గుక్క నాకూ ఇస్తుందేమోనని చూశాను. ఇవ్వలేదు.)

పది గంటలకు సభ తీరింది. బావ కుర్చీలో, పక్కన మా అక్క, బాబాయి ఎదురుగా, గుమ్మంలో కాఫీ పళ్ళెంతో అమ్మ. నేను పుస్తకం తెరిచి ఒక్కొక్క అంకే చదివాను. చివరి గడిలో ఇరవైని కొట్టివేసి రాసిన సంఖ్యను వేలితో కప్పి చదివాను.

"ఆవిరి... నూట డెబ్బై."

"నూట డెబ్బయ్యా?" అన్నాడు బావ. సైన్సు మేష్టారు కదా. అమ్మ చేతిలో పళ్ళెం మీది గ్లాసులు సన్నగా గలగలమన్నాయి. బావ వాటిని చూశాడు, అమ్మను చూశాడు, తర్వాత ఎందుకో పక్కనున్న మా అక్కను చాలాసేపు చూశాడు. అక్క కొంగు అంచులో ఏదో దారం వెతుక్కుంటోంది.

"తక్కువేనండి చిన్న మావయ్యగారూ. మా రేపల్లెలో రెండొందల దాకా పోతుంది. సముద్రం దగ్గర కదండి."

సముద్రం దగ్గర గాలిలో తేమ ఎక్కువ, ఆవిరి తక్కువ. ఆ సంగతి నాకు తెలుసు, బావకు ఇంకా బాగా తెలుసు. బాబాయికి తెలియదు. "అయితే మూత పెట్టొచ్చుగా వదినా?" అన్నాడు.

"మూత పెడితే పొంగుతుందయ్యా" అంది అమ్మ, ఆయన గ్లాసు అందిస్తూ.

పావులీటరు పాలు ఎక్కువ పోయించుకోవాలని బావ తీర్పు చెప్పాడు. బాబాయి హోటలు మెట్లెక్కలేదు. పాలతోపాటు ఆవిరి కూడా కొంత పెరిగిందని నా అనుమానం. కొలవలేదు, నా జీవితంలో కొలవకుండా వదిలేసిన మొదటి వస్తువు అదే.

ఆ సెట్టులో ఇప్పుడు ఒక్క గ్లాసే మిగిలింది. అమ్మ లేదు. పదవీ విరమణ తర్వాత మా ఇంట్లో ఉదయం కాఫీ నా వంతు అయింది. మొన్న నా శ్రీమతి పళ్ళెం వైపు చూసి, "అరలీటరు పాలండీ, ఇంతేనా వచ్చింది?" అని అడిగింది. "ఆవిరి" అన్నాను గంభీరంగా. "ఓహో, అలాగా అండి" అని ఊరుకుంది. కొలతల మనిషినని నా మీద ఆవిడకు ఎంత నమ్మకమో అని ఆ రోజంతా లోలోపల మురిసిపోయాను.

మర్నాడు ఐదింటికి వంటింట్లోకి వెళ్ళి నా పాత గ్లాసు కోసం అలమారు తెరిచాను. అది అప్పటికే తడిగా ఉంది.