హాల్లో పోసిన నీలిమందు

2015లో నేను మస్కట్‌లోని హమ్రియాలో పాత బిల్డింగుల మెయింటెనెన్స్ చూసేవాణ్ణి. కుళాయి, కరెంటు, ఏసీ, ఏది చెడినా నాకే ఫోను. కిరాయిదార్ల మీద అప్పట్లో నాకు ఏమంత మంచి అభిప్రాయం ఉండేది కాదు. కప్పు కారితే కిందివాళ్ళు పైవాళ్ళదే తప్పంటారు, పైవాళ్ళు మాకేం తెలీదంటారు. మధ్యలో నా బుర్ర తినేవారు.

ఆ ఏడాది ఒక బిల్డింగు రెండో అంతస్తులో ఎస్తేరు అనే నర్సు ఉండేది. భీమవరం వైపు మనిషి. అందరం సిస్టర్ అనేవాళ్ళం. భర్తనూ కూతుర్నీ తెచ్చుకోవాలని హాస్టల్ వదిలి ఆ ఫ్లాట్ తీసుకుంది. ఫ్యామిలీ వీసాకు ఆమె పేరున ఇంటి కాంట్రాక్టు ఉండాలి. సరిగ్గా అది రెన్యువల్ కావాల్సినప్పుడే కింది ఫ్లాట్ హాల్లో కప్పు చెమ్మగిల్లి, ఫ్యాను పక్కన పెయింట్ ఊడిపడింది. అక్కడ ఉండేది హైదరాబాద్ సలీం భాయ్ కుటుంబం. చంటిబిడ్డ ఉన్న ఇల్లు, ఫ్యాను వేస్తే ఎక్కడ షాక్ కొడుతుందోనని హడలిపోతున్నారు.

బిల్డింగు యజమానిని అందరం అర్బాబ్ అంటాం. ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. నీళ్ళు పైనుంచే వస్తున్నాయి కాబట్టి ఆమె ఖాళీ చేయాలి.

"నా వల్లేనని తేలనివ్వండి బాషా అన్నా. తేలకుండా మాత్రం నేను కదలనండి. నా పిల్ల వీసా ఈ కాంట్రాక్టు మీదే ఉంది" అంది సిస్టర్.

సరేనని డై టెస్ట్ పెట్టాను. అనుమానమున్న చోట రంగునీళ్ళు పోసి, కింద ఆ రంగు దిగుతుందేమో చూడటమే ఈ టెస్ట్. ఇలాంటి కేసుల్లో దొంగ ఎక్కువగా బాత్రూమే. ఫ్లోర్ ట్రాప్, అంటే నేలలో నీళ్ళు పోయే కన్నం, మూసేసి ఎర్రరంగు నీళ్ళు నిలబెట్టాను. మరునాటికి కూడా కింద ఎరుపు జాడ లేదు.

"బయటపడినావు సిస్టర్. అర్బాబ్‌కు నేను చెప్తాలే" అన్నాను.

ఆమె మాత్రం సంతోషపడలేదు. "గురువారం మా ఇంట్లో ప్రార్థన కూడిక కదన్నా. ముందు హాలంతా బకెట్లతో కడిగేస్తానండి. ఇంటి దగ్గర అలవాటు. అక్కడా పోసి చూడండి."

నెత్తి కొట్టుకున్నాను. ఇక్కడి ఫ్లాట్లలో హాల్లో ఫ్లోర్ ట్రాప్ ఉండదు, టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగూ ఉండదు. తడిగుడ్డతో తుడుచుకోవాల్సిన నేల అది.

"ఊరుకో సిస్టరూ! ఎవరూ అడగంది నువ్వెందుకు చెప్తాండావు? తేలితే నీకే గదా దెబ్బ!"

"తేలాలనే కదన్నా టెస్ట్ పెట్టించుకుంది. కింద పసిబిడ్డ ఉంది. పోయండి."

నేను కదలకపోయేసరికి ఆమే బట్టల నీలిమందు బకెట్లో కలిపి, ప్రతి గురువారం పోసినట్టే పోసింది. సాయంత్రానికి సలీం భాయ్ ఇంట్లో ఫ్యాను పక్కన నీలి చుక్క దిగింది. సిస్టర్ దాని కింద నిలబడి పైకి చూస్తుంటే నాకే ఏడుపొచ్చింది. ఆమె మాత్రం సలీం భాయ్ భార్య వైపు తిరిగి, "తప్పు నాదేనమ్మా. ఈ కప్పు బాగుచేసే పూచీ నాది" అంది.

అర్బాబ్ వచ్చాక కూడా సిస్టర్ నన్ను నోరు తెరవనివ్వలేదు, మొత్తం తనే చెప్పింది. ఆయన "ఖలాస్, ఖాళీ చెయ్" అని లేచాడు.

అప్పుడు అడ్డుపడింది ఎవరనుకున్నారు? ఫిర్యాదు చేసిన సలీం భాయే. "ఈమెను పంపొద్దు అర్బాబ్. రేపు వచ్చేవాడు నీళ్ళు పోసి కూడా పోయలేదంటాడు. ఈమె పైన ఉంటే నా బిడ్డ నిశ్చింతగా పడుకుంటుంది" అన్నాడు.

అర్బాబ్ ఒకసారి కప్పుకేసి చూసి, సిస్టర్ కాంట్రాక్టు రెన్యువల్ మీద సంతకం పెట్టాడు. కప్పు ఆరాక, డ్యూటీ లేని రోజు సిస్టర్ కొంగు బిగించి నాతో సమానంగా గీకి, పెయింట్ వేసింది. కొన్నాళ్ళకు ఆమె కూతురు వచ్చి, ఆ పసిబిడ్డను ఎత్తుకుని మెట్ల మీద తిరిగేది.

ఆ తర్వాత నేను తాళాలిచ్చిన ప్రతి కిరాయిదారునూ ముందు కింది ఫ్లాట్‌కు తీసుకెళ్ళి, తల పైకెత్తి చూడమనేవాణ్ణి. "రేపటినుంచి మీరు నడిచేది దీని మీదే" అని చెప్పేవాణ్ణి.