మామ ఛాతీ మీది గొలుసు

మా మేనమామ పోయాడు. హఫీజ్‌పేట్ స్టేషన్ రోడ్డులో ఆయనకు కట్టిన ఫ్లెక్సీ మీరూ చూసే ఉంటారు. రెండు గుండీలు విప్పిన తెల్లచొక్కా, గుబురు ఛాతీ, అందులో చిక్కుకున్న లావు బంగారు గొలుసు, పక్కన సింహం బొమ్మ. ప్లాట్ల బేరాల్లో ఆయన వెంట తిరిగినవాళ్లు కట్టించారు. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. ప్రయత్నిస్తాను గానీ మాట ఇవ్వను.

ముందు మంచి. చిన్నప్పుడు నాకు జ్వరం ముదిరితే భుజాన వేసుకుని దవాఖానకు పరుగెత్తింది ఆయనే. మా నాన్న పోయాక నా చదువు ఆగకుండా చూసిందీ ఆయనే. ఈ రెండూ నేను మరచిపోలేదు. ఆయన మరచిపోనిచ్చేవాడూ కాదు.

ఆయనకు భూములంటే ఎంత పిచ్చో, వెంట్రుకలంటే అంత పిచ్చి. పొద్దున్నే చొక్కా లేకుండా వాకిట్లో కూచుని, మీసానికీ ఛాతీకీ కొబ్బరినూనె రాసుకుంటూ బేరాలు మాట్లాడేవాడు. "ఒంటి మీద వెంట్రుకలే మొగోనికి పట్టా పాసుబుక్కురా అల్లుడా" అనేవాడు. మీసం తీసేసినవాడు కనబడితే, "ఏందిరా, ఉన్న ఒక్క ప్లాటు అమ్ముకున్నవా?" అని అడిగేవాడు. ఎవరూ నవ్వకపోతే మళ్లీ అడిగేవాడు.

నేను రాయదుర్గంలో ఒక ఆఫీసులో పనిచేస్తాను. ఆ పక్కనే ఉన్న మగవాళ్ల సెలూన్‌లో ఛాతీ, వీపు వ్యాక్స్ చేయించుకుంటాను. నడుము కింద ఇంట్లో నేనే ట్రిమ్మర్‌తో తీసుకుంటాను. చెమటకాయలు తగ్గుతాయని మా అమ్మకు చెప్పాను గానీ, నాకు అలా ఉంటేనే బాగుంటుంది, అంతే. ఇది నలుగురిలో చెప్పుకునే సంగతి కాదు. మామ మా బాత్‌రూమ్‌లో ట్రిమ్మర్ చూసి కూపీ లాగాడు. లాగినవాడు ఊరుకున్నాడా? మూసాపేటలో నా పెళ్లిచూపుల్లో, బజ్జీ నములుతూ, అమ్మాయి అన్నదమ్ముల ముందు ఆ గుట్టు విప్పాడు.

"మా అల్లుడు మంచోడే. కాకపోతే సెలూన్ల ఛాతీ గీకించుకుంటడు, ఆడపిల్ల లెక్క. కింద గూడ నున్నగనేనట!"

వాళ్లు పగలబడి నవ్వారు. అమ్మాయి తలదించుకుని లోపలికి వెళ్లిపోయింది. సంబంధం తప్పిపోయింది. ఆ అమ్మాయి నాకు నచ్చింది. మామను నిలదీస్తే, "నవ్వులాటకు అన్నరా, గింత దానికి పరేషాన్ ఎందుకు?" అన్నాడు. ఆ తర్వాత ఆయన గడప తొక్కలేదు.

కొన్నాళ్లకు ఆయనకు గుండె ఆపరేషన్ పడింది. దానికి ముందు ఛాతీ నుంచి మోకాళ్ల దాకా వెంట్రుకలు తీయాలని దవాఖానలో ఒకతను మెషీన్ పట్టుకుని వచ్చాడట. "మొగోని ఒంటి మీద చెయ్యేస్తవారా?" అని తరిమేశాడు మా సింహం. తప్పదని డాక్టరు చెప్పాక బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకుని, మీసం సరిచేసుకునే రేజరుతో, నీళ్లయినా తడపకుండా తనే గీక్కున్నాడు. ఒళ్లంతా కోతలు, ఆపైన చీముపొక్కులు. అవి మానితే గానీ కత్తి పెట్టనని డాక్టరు ఇంటికి పంపేశాడు.

పుండ్లు మానేసరికి వెంట్రుకలు మళ్లీ పెరిగాయి. అప్పుడు నాకు ఫోన్ వచ్చింది.

"అల్లుడా, గా పని నీకు ఎరికె గద. జర వచ్చిపోరాదు? మీ అత్తకు తెల్వద్దు."

"దవాఖానలో వాళ్లే చేస్తరు మామా."

"వాడు పరాయోడు. నువ్వు మా అక్క కొడుకువి."

వెళ్లాను. ఎందుకు వెళ్లానో అడక్కండి. తలుపు గడియ వేసి, లుంగీ ముడి విప్పి, గోడవైపు ముఖం తిప్పుకున్నాడు. ట్రిమ్మర్‌తో ఛాతీ నుంచి మొదలుపెట్టి కిందికి దిగాను.

"నువ్వు గిట్లనే చేస్కుంటవా?" అన్నాడు చివరికి.

"ఊఁ."

"సల్లగున్నదిరా."

ఇంకో మాట వస్తుందేమోనని ట్రిమ్మర్ ఆపి మరీ చూశాను. వచ్చింది. "ఇది ఎవ్వనికి చెప్పకు" అన్నాడు. నా సంగతి మూసాపేటలో చాటింపు వేసిన పెద్దమనిషి!

తెల్లారితే దవాఖానకు బయల్దేరాలి. తెల్లారకముందే గుండె ఆగిపోయింది. ఆపరేషన్ మొదట అనుకున్న రోజునే జరిగి ఉంటే బతికేవాడేమో. నాలుగు వెంట్రుకల కోసం పోయాడు మా మామ. కబురు విన్నప్పుడు నాకు ముందు కోపం వచ్చింది, ఆ తర్వాతే ఏడుపొచ్చింది. కోపం ఇంకా పోలేదు.

స్నానం చేయించేటప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను. నున్నటి ఛాతీ చూసి అందరి చేతులూ ఆగిపోయాయి.

"దవాఖానల గీకిన్రా?" అన్నాడొకాయన. అత్త నా వైపు చూసింది.

"ఆఁ, దవాఖానల్నే" అన్నాను.

అక్కడ దాచాను. ఇక్కడ దాచను మామా, నువ్వు నాది దాచలేదు.

కడసారి చూపుకు అత్త ఆయన మెడలో గొలుసు వేసి ఛాతీ మీద సర్దింది. ఎప్పుడూ వెంట్రుకల్లో చిక్కుకుని కదలని గొలుసు, చంకవైపు జారిపోయింది. నేను తీసి మధ్యలో పెట్టాను. మళ్లీ జారింది.