మాట అందించే మనిషి

రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, చెంగు నడుముకు దోపుకుని, ఆనాటి డైలాగును నాటకం హాల్లో చివరి వరుసకు వినపడేంత గట్టిగా ఒకసారి చెప్పుకోవడం ఆ పెద్ద నటి అలవాటు. "అమ్మాయీ, తలుపు తియ్యవే" అన్న రోజున కింద వాటాలో కోడలుపిల్ల నిజంగానే వచ్చి తలుపు తీసింది. నలభై ఏళ్ళుగా నాటకాల్లోనూ సినిమాల్లోనూ ఎందరికో తల్లిగా, అత్తగా వేసిన ఆవిడ ఒక్క మాట మరిచిపోయి ఎరగదు. అలాంటిది మొన్న షూటింగులో, కొడుకు వేషం వేసినతన్ని ఏనాటిదో నాటకంలోని కొడుకు పేరుతో పిలిచింది, అదీ మూడుసార్లు. అందరూ నవ్వారు. మేకప్ ముసలాయన మాత్రం నవ్వకుండా మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. "రేపు ఇంకోసారి చూద్దామమ్మా. కుదరకపోతే వేరేవాళ్ళని పెట్టుకుంటాం" అన్నాడు దర్శకుడు, నెమ్మదిగానే.

ఆ సాయంత్రం ఆవిడ, నాటకాల రోజుల్లో తెర పక్కన పుస్తకం పట్టుకుని నటులకు మాట అందించిన పెద్దాయన ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పింది.

"నీకు నేనెప్పుడు అందించాను చెల్లాయ్? నీ ఆట ఉందంటే హాయిగా కునుకు తీసేవాణ్ణి" అన్నాడాయన.

"ఇప్పుడూ అందించొద్దు అన్నయ్యా. రేపు ఆ కెమెరా పక్కన పుస్తకం పట్టుకుని కూర్చో, చాలు. కునుకు తీసినా సరే."