మచ్చ లేని గుండె

ముందే చెబుతున్నాను, ఇందులో ఒక ఘనకార్యం ఉంది, అది చేసింది నేనే. నా తెలివి ఎంతటిదో కరీంనగర్‌లో ఒక గుండె డాక్టరుకూ, ఆయన నర్సుకూ, బయట బెంచీల మీద కూర్చున్న వాళ్లందరికీ ఒకే పూట తెలిసిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అప్పుడు నాకు ముప్పయ్యేళ్లు. సిరిసిల్లలో ఒక ఆసామి షెడ్డులో మరమగ్గాలు నడిపేవాణ్ణి. సాంచాలంటాం వాటిని. ఉన్నట్టుండి గుండె దడదడమని పరుగెత్తేది. పావుగంట కూలబడితే గానీ తగ్గదు. తగ్గాక చెయ్యి లేపే ఓపిక కూడా ఉండదు. "గిట్లనే కూలవడితే ఇంకొకన్ని పెట్టుకుంట రాజేశం" అన్నాడు ఆసామి. నాకు చేతనైన పని అదొక్కటే. నిజంగా భయం వేసింది.

మా అమ్మను, అవ్వ అంటాం, వెంటబెట్టుకుని కరీంనగర్ వెళ్తే డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. "కడుపుల బిడ్డకు గుండె తయారైతున్నప్పుడు, మొదట్ల పై గదులు, కింది గదులు అంతటా అతుక్కునే ఉంటయి. కరెంటు ఎటుకెల్లైనా పోతది. తర్వాత నడుమ అడ్డం పడి, ఒక్క తొవ్వనే మిగుల్తది. నీకు ఇంకో సన్న పోగు తెగకుండ ఉండిపోయినట్టున్నది. కరెంటు ఒకదాంట్ల దిగి, ఇంకోదాంట్ల ఎక్కి, గిరగిర తిరుగుతది."

అవ్వకు కోపం వచ్చింది. "నా కడుపుల పని సక్కగనే అయింది సార్! వీడు నెలలు నిండేదాంక నూలు కండెలు చుట్టిన. ఒక్క చిక్కు వడనియ్యలే!"

"తప్పు నీది కాదమ్మా. జర చూద్దాం, దడ వచ్చినప్పటి రికార్డు దొరికితేనే ఖాయంగ చెప్తం."

ఛాతీకి బిళ్లలు అంటించి, వైర్లు తగిలించి, గుండె కొట్టుకునే తీరును రాసుకునే ఒక చిన్న పెట్టెను నడుముకు కట్టారు. "రేపు ఇదే టైముకు రా. నీ పని నువ్వు చేసుకో" అన్నారు.

మర్నాడు పొద్దున్నే సాంచాల దగ్గర దడ మొదలైంది. ఇక్కడ మీరు నన్ను కాస్త అర్థం చేసుకోవాలి. సాంచాల మధ్య పెరిగినవాడికి మొదట నేర్పేది ఒకటే: పోగు తెగితే మిషను ఆపు. ఆపకపోతే బట్ట మీద మచ్చ పడుతుంది. నా చెయ్యి దానంతటదే వెళ్లి పెట్టె వైరు పీకేసింది. దడ తగ్గాక మళ్లీ గుచ్చాను. అలా మూడుసార్లు. పనితనానికి నాకే ముచ్చటేసింది.

చెప్పిన టైముకు వెళ్తే డాక్టరు పెట్టె రాసిన కాగితాలు తిప్పాడు. "ఇంత మంచి గుండె నాకే లేదు" అన్నాడు. అంతలోనే నుదురు ముడిచాడు. "గీ మూడు చోట్ల ఖాళీ ఎందుకున్నది?"

"గప్పుడు దడ వచ్చింది సార్."

"వస్తే?"

"ఆపిన."

"దేన్ని?"

"పెట్టెను. చెడ్డ మాలు మీకెట్ల ఇస్త సార్?"

డాక్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. నర్సు గోడవైపు తిరిగింది. అవ్వ ఒక్కతే గర్వంగా అంది, "నా కొడుకు పనిల మచ్చ వడనియ్యడు."

"నాకు గా మచ్చనే కావాలెనమ్మా!" డాక్టరు అరుపు బయట బెంచీల దాకా వినబడింది.

మళ్లీ పెట్టె కట్టారు, ఈసారి వైరు ఊడకుండా పట్టీ వేసి మరీ. "ఏమైనా ముట్టుకోను" అని నాచేత ఒట్టు పెట్టించారు. దడ దొరికింది. తర్వాత తొడ నరంలోంచి సన్నటి తీగ పంపి ఆ పోగును కాల్చేశారు. గుండె నెమ్మదించింది, నా పని పోకుండా నిలిచింది. ఏడుపొచ్చినంత సంతోషమైంది.

మళ్లీ పనిలోకి వెళ్లిన మొదటి రోజే సాంచా మీద పోగు తెగింది. ఆస్పత్రిలో వేసిన ఒట్టు గుర్తొచ్చి నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. మూరెడు బట్ట పాడయ్యాక ఆసామి ఉరికొచ్చాడు.

"ఏం జూస్తున్నవ్‌రా? ఆపు!"

"ఉండు కాకా, మొత్తం రానియ్యి."

అందుకే అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఒంటి మీదదైనా, షెడ్డులోదైనా, ఏ మిషను ముందైనా మొదట ఎవరినైనా అడుగుతాను: ఇది ఆపేదా, ఆపకూడనిదా? సాక్షిగా నా గుండెలోని పోగునే పెట్టుకుందునేమో గానీ, దాన్ని కాల్చేశారు. అవ్వను అడిగితే, తన కడుపులో అసలు అలాంటి పోగే లేదంటుంది.